కాల్యో పాడిన జర్మన్ పాట

సోవియట్ రోజుల్లో, ఎస్తోనియాలోని తార్తు ఊళ్లో ఇరవై ఆరేళ్లుగా ఓపెరా పాడుతున్న కాల్యో రండ్‌మాకి సినిమావాళ్లు ఇచ్చే వేషం ఒక్కటే, జర్మన్ ఆఫీసరు. ఆరడుగుల పొడుగు, నీలికళ్లు, కోటేరు ముక్కు. మాస్కోవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? పద్నాలుగు యుద్ధం సినిమాల్లో పద్నాలుగుసార్లు చచ్చాడు మహానుభావుడు. నోరు తెరిస్తే వినబడేది మాత్రం మాస్కో నటుడెవరిదో గొంతు. ఈయన రష్యన్ మాట్లాడితే మన ఎస్తోనియా యాస గుప్పుమంటుందట! గొంతు మీద బతికేవాడికి గొంతు తప్ప అన్నీ పనికొచ్చాయి.

పదిహేనో సినిమాలో ఆ ఆఫీసరు చచ్చేముందు పియానో దగ్గర కూర్చుని ఓ జర్మన్ పాట పాడాలి. "మాటలకి ఎలాగూ మా నటుడి గొంతే. పాట మాత్రం నీ గొంతుతోనే ఉంచుతాం" అని దర్శకుడు మాటిచ్చాడు. కాల్యో పొంగిపోయాడు. ఆ వసంతంలోనే రిటైర్మెంటు. రేడియోవాళ్లు ఒక్కనాడైనా పిలిచి రికార్డు చేసిన పాపాన పోలేదు. ఈ పాట మిగిలితే తన గొంతు లోకంలో మిగిలినట్టే.

"ఊరంతా చాటింపు వేశావుగా. ఇది గనక తేడా కొడితే ఆవిరిస్నానాల సౌనాలో ఎవరి పక్కనా కూర్చోలేవు, చూసుకో" అంది భార్య లెయ్‌లి.

"నీ నోట మంచిమాట రాదు కదా!"

సినిమా వచ్చింది. ఓపెరా బృందమంతా రెండు వరసలు ఆక్రమించి కూర్చున్నారు. తెరమీద కాల్యో పియానో ముందు కూర్చుని నోరు తెరిచాడు. అబ్బ, ఎంత గొప్ప గొంతు! తనది కాదు.

లెయ్‌లి చెయ్యి అతని మోకాలు మీద బిగుసుకుంది. ముప్పై ఏళ్లు కాపురం చేసినావిడ, ఇట్టే పట్టేసింది. ఇరవై ఆరేళ్లు పక్కన నిలబడి పాడిన సంగీత విద్వాంసుల్లో ఒక్కడికి తెలిస్తే ఒట్టు!

మావాళ్ల నోట మెచ్చుకోలు రావాలంటే మనిషి శవపేటిక ఎక్కాలి. అలాంటిది మా ఓపెరా సంగీత దర్శకుడు ఎవాల్డ్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం పాడావురా కాల్యో! ఇన్నాళ్లూ ఈ గొంతు మాకు వినిపించకుండా ఎక్కడ దాచావురా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఏదో, అలా కుదిరింది" అన్నాడు కాల్యో.

"సిగ్గు లేదూ?" ఇంటికొచ్చాక లెయ్‌లి నిలదీసింది.

"ఉంది. కానీ మొదటిసారి మెచ్చుకున్నారే. నాలుగు రోజులు ఉండనీ."

"వాళ్లు మెచ్చుకుంది నిన్ను కాదయ్యా!"

"ఆ సంగతి నాకు తెలీదా?" అన్నాడు.

శనివారం వీడ్కోలు కచేరీ. చివర్లో ఆ జర్మన్ పాటే పాడాలని ఎవాల్డ్ పట్టుబట్టాడు. కాల్యో ప్రాణం పెట్టి పాడాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. చప్పట్లు మర్యాదకి నాలుగు పడ్డాయి. మూడో వరసలోంచి ఓ ముసలమ్మ లేచింది.

"సినిమాలోలాగా పాడు నాయనా!"

కాల్యోకి ఒళ్లు మండిపోయింది. "ఆ పాడినాయన మాస్కోలో ఉంటాడమ్మా! నా గొంతు ఇదీ!" అని అరిచాడు.

హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఎవాల్డ్ పొట్ట పట్టుకున్నాడు. లెయ్‌లి ఒక్కతే నవ్వలేదు.

మర్నాడు పత్రికలో పాట గురించి ఒక్క ముక్క లేదు. ఆయనలో ఇంత గొప్ప హాస్యనటుడున్నాడని ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించకపోవడం అన్యాయమని మాత్రం రాశారు.