నాలుగో మనిషి

చంద్రరావుకి నన్ను చూస్తే చిరాకు. ఆయన్ని చూస్తే నాకు అంతకు రెండింతలు. ఎదురుగా ఉన్నప్పుడు గారు అంటాను గానీ ఇక్కడ అనను. సముద్రంలో దారి తప్పి అటు పోయినవాళ్ళ ఫైళ్ళూ, ఇటు వచ్చినవాళ్ళ ఫైళ్ళూ కాకినాడ ఆఫీసులో ఆయన దగ్గరే ఉంటాయి. ఆరు నెలలుగా నేను ఆ గది బయట బల్ల మీద కూర్చోని వారం లేదు. పొద్దున్నే చేపలు అమ్ముకుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని బస్సెక్కేదాన్ని. అయినా నేను లోపలికి అడుగు పెట్టగానే ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునేవాడు. ఆ రుమాలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అయినా వెళ్ళక తప్పదు. రెండువేల ఆరు కార్తీక మాసంలో మా ఆయన త్రిమూర్తులు ఎక్కిన బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఆ నెలల్లో నీటి వాలు దక్షిణానికి ఉంటుంది. పదకొండు రోజులు కొట్టుకుపోయి లంక నీళ్ళలో తేలారు. నలుగురినీ పట్టుకుని అక్కడి జైల్లో పెట్టారు. దొంగతనం చెయ్యలేదు, దొమ్మీ చెయ్యలేదు, నీళ్ళు ఎటు తీసుకెళితే అటు పోవడమే చేసిన నేరం.

వైశాఖంలో ఒకరోజు చంద్రరావు తనే పిలిచి చెప్పాడు.

"రెండు దేశాలవాళ్ళూ మాట్లాడుకున్నారమ్మా. వాళ్ళ చేపలవాళ్ళు ముగ్గురు మన దగ్గరున్నారు. మనవాళ్ళు నలుగురు అక్కడున్నారు. ముగ్గుర్నిచ్చి ముగ్గుర్ని తెచ్చుకుంటాం."

"మరి నాలుగోవాడండి?"

"వాళ్ళ బోటు ఇంకోటి మనకి దొరికినప్పుడు చూద్దాం."

కాగితం నా ముందుకి తోశాడు. మొదటి పేరు బోటు నడిపే అప్పాజీది. నాలుగో పేరు త్రిమూర్తులుది.

"ఈ వరస మార్చడానికి అవ్వదాండి?"

"అది వాళ్ళు రాసిన వరస. మనం వేలు పెట్టకూడదు."

నేను అడక్కపోయినా, తన తెలివి చూపించుకోడానికి ఇంకో సంగతి చెప్పాడు. ఈ మార్పిడికి అసలైన చేపలవాళ్ళే పనికొస్తారట. అక్కడ యుద్ధం జరుగుతోంది కదా, ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడైతే వాడిది వేరే ఫైలట. వాణ్ణి తమిళనాడులో శరణార్థుల క్యాంపుకి పంపాలి గానీ వెనక్కి పంపకూడదట.

"అందుకే వచ్చినవాడికి నేనే పరీక్ష పెడతాను. చిరిగిన వల ముందేసి, సూది చేతికిచ్చి కుట్టమంటాను. చేపలవాడైతే కళ్ళు మూసుకుని కుడతాడు. కాకపోతే వేళ్ళు తడబడిపోతాయి. ఈ ముగ్గురూ అలా తేలినవాళ్ళే."

మెట్ల మీద అప్పాజీ పెళ్ళాం బేబి నా కోసమే కాచుకుని ఉంది. "మా ఆయన పేరు ముందుందంట కదే. నీ మొగుడూ వత్తాడులే, ఇయ్యాల కాకపోతే ఇంకో ఏడు" అంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. బేబి ఆ నిప్పు అడగడానికి కాకినాడ దాకా బస్సు చార్జీ పెట్టుకుని వచ్చింది.

నాలుగో రోజు, శుక్రవారం పొద్దున్న, మా పేట ఒడ్డుకి ఒక చిన్న ఫైబర్ పడవ కొట్టుకొచ్చింది. వైశాఖంలో నీరు ఉత్తరానికి తిరుగుతుంది మరి. అందులో ఒకే ఒక మనిషి, పెదాలు పగిలి, కళ్ళు పీక్కుపోయి పడి ఉన్నాడు. లంకవాడని తెలియగానే జనం మూగారు. మనవాళ్ళని అక్కడ కట్టేసి వీణ్ణి ఇక్కడ ఊరికే వదుల్తామా అని ఒకడు తెడ్డు ఎత్తాడు కూడా. పేట పెద్ద బుల్లియ్య బాబాయ్ వాణ్ణి ఆపాడు గానీ జాలి పడి కాదు.

"ఎవరూ ముట్టుకోకండి. నీళ్ళు కూడా పొయ్యొద్దు. పోలీసోళ్ళు వచ్చి చూసుకుంటారు, మనకెందుకు?"

నేను పడవలోకి తొంగి చూశాను. వల లేదు. గాలం లేదు. ఐసు పెట్టె లేదు. గుడ్డ సంచిలో రెండు చొక్కాలు, ఒక కత్తెర, కొలత టేపు ఉన్నాయి. వాడు చేపలవాడు కాదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. నాకు జాలి కలగలేదు. నాకు కనిపించింది నాలుగో తల.

"నాకు అరవం వచ్చు కదా బాబాయ్. మా ఇంట్లో పడుకోబెడతాను" అన్నాను. పెళ్ళయిన కొత్తలో మేం ఆరేళ్ళు మద్రాసు హార్బరులో బతికాం.

"పాముకి పాలు పోత్తానంటావేంటే?"

"పాలు కాదులే, గంజి."

చంద్రరావుకి ఫోను చేస్తే అన్నవరంలో ఉన్నాడు, ఇంటిల్లిపాదితో వ్రతం చేయించుకుంటున్నాడు. సోమవారం వస్తాననీ, అప్పటిదాకా మనిషిని కదలనివ్వద్దనీ చెప్పాడు. ఆయన వ్రతఫలం ఆయనకి దక్కిందో లేదో గానీ నాకు మాత్రం మూడు రోజులు దక్కాయి.

వాడి పేరు యోగరాసా. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. వాళ్ళ ఊళ్ళో తుపాకుల గుంపువాళ్ళు ఇంటికొకణ్ణి తుపాకీ పట్టుకోడానికి పంపాలన్నారట. వీళ్ళింట్లో వీడి వంతు వచ్చింది. పడవెక్కి పారిపోయాడు. వెనక్కి వెళితే పారిపోయినందుకు ఆ గుంపువాళ్ళు కాలుస్తారు, ఆ ఊరివాడైనందుకు సైన్యంవాళ్ళు పట్టుకెళతారు. ఇదంతా గంజి తాగుతూ చెప్పాడు. పెద్దాఫీసరు వస్తే ఇదే చెప్పి కాళ్ళు పట్టుకుంటానన్నాడు.

"అలా చెప్పావో చచ్చావు" అన్నాను అరవంలో. "పారిపోయి వచ్చానన్నవాణ్ణి ఇక్కడ తుపాకుల గుంపువాడే అనుకుంటారు. చీకటి కొట్లో వేస్తారు. చేపలవాణ్ణని చెప్పు. పది రోజుల్లో వదిలేస్తారు, మా బోట్ల మీద పని చేసుకుని బతకొచ్చు."

ఒక్కసారైనా వాడు ఒట్టు వెయ్యమంటే బాగుండేది. గంగమ్మ తల్లి మీద ఒట్టేసి అబద్ధం ఆడే ధైర్యం నాకు లేదు. వాడు అడగలేదు. "అలాగే అక్కా" అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ వాడి మీద కోపంగానే ఉంది. ముక్కూ మొహం తెలియని ఆడది ముంతెడు గంజి పోస్తే నమ్మేయడమేనా?

వల కుట్టడం నేర్పాను. త్రిమూర్తులు పాత వల గుంజకి కట్టి, వల కన్ను ఎంతుండాలో కొలవడానికి వెదురు ముక్క ఇచ్చి, దారం ఎటు నుంచి ఎటు తిప్పాలో, ముడి ఎక్కడ బిగించాలో చూపించాను. మా పేట ఆడపిల్లలకి నెల పట్టే పని, దర్జీ వేళ్ళు కదా, శనివారం సాయంత్రానికే పట్టుబడిపోయింది. ఆదివారం నాకన్నా వేగంగా కుట్టాడు. కుట్టిన వల తీసుకెళ్ళి వాడి పడవలో పడేస్తుంటే బుల్లియ్య బాబాయ్ చూశాడు. చూసి, అటు తిరిగి వెళ్ళిపోయాడు. త్రిమూర్తులు ఆయనకి సొంత మేనల్లుడు.

సోమవారం చంద్రరావు బొట్టు పెట్టుకుని, కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని దిగాడు. నాకు అరవం వచ్చని ఇంకొకణ్ణి వెతికే బాధ తప్పించుకున్నాడు. ఆ మాటా ఈ మాటా చేర్చేది నేనే. యోగరాసా నేను నేర్పిందంతా అప్పజెప్పాడు. ఎన్ని రోజులు వేటాడాడో, ఇంజను ఎక్కడ ఆగిందో, అన్నీ త్రిమూర్తులు బోటు సంగతులే.

"ప్రాణభయంతో వచ్చినవాడు కాదు కదా? ఈ ఒక్కటీ సరిగ్గా అడుగమ్మా. రేపు నా మీదకొస్తుంది."

నేను యోగరాసా వైపు తిరిగాను. "నిన్ను ఇక్కడ ఎవరైనా కొట్టారా?" అని అరవంలో అడిగాను.

వాడు గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

"లేదంటన్నాడండి" అన్నాను.

తర్వాత సూది చేతికిచ్చారు. వాడు వరసగా పన్నెండు కళ్ళు కుట్టాడు. ఒక్క ముడి జారలేదు. పలక మీద అక్షరాలు దిద్దిన పిల్లాడు పంతులమ్మని చూసినట్టు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. చంద్రరావు మాత్రం మురిసిపోయాడు. "పక్కా చేపలవాడు, చూశావా? నా పరీక్ష దగ్గర ఎవడూ దాగలేడు" అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే ఏడ్చాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

పన్నెండో రోజున లంక చేపలవాళ్ళు ముగ్గురినీ, యోగరాసానీ కాకినాడలో ఓడ ఎక్కించారు. చివరి కాగితాల దగ్గర ఆ మాటా ఈ మాటా చేర్చడానికి నన్ను రమ్మన్నారు. ఆ ముగ్గురూ నవ్వుతూ వచ్చారు, ఇంటికి పోతున్నారు మరి. ఓడ ఎక్కడికి పోతోందో యోగరాసాకి అప్పటికే వాళ్ళు చెప్పేసినట్టున్నారు. ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. నన్ను చూడగానే కేకలు పెట్టాడు. "అక్కా, నేను చేపలవాణ్ణి కాదని చెప్పు. నన్ను చంపేస్తారని చెప్పు. నువ్వు చెబితే వింటారు. చెప్పక్కా!"

చంద్రరావు విసుగ్గా రుమాలు తీశాడు. "ఏంటట గోల?"

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. ఓడ కదలలేదు. సంతకం కొట్టేయవచ్చు. అప్పుడు ముగ్గురికి ముగ్గురే వస్తారు.

"మనల్ని వదిలి వెళ్ళలేక ఏడుత్తన్నాడండి. బాగా చూసుకున్నారంట. మీకు దణ్ణాలు చెప్పమంటన్నాడు."

"మంచిది, మంచిది" అన్నాడు చంద్రరావు. వాడికి తెలుగు రాకపోయినా నా మాట మొత్తం అర్థమైంది. కేకలు ఆపేశాడు. ఆ తర్వాత నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ రెండు తిట్టేదాన్ని.

వారానికి మనవాళ్ళు నలుగురూ పేటలో దిగారు. బేబి డప్పులు పెట్టించింది. నేను త్రిమూర్తులుకి వేడినీళ్ళు పోసి, చింతకాయ వేసి చిత్తళ్ళ చేపల పులుసు వండి, కంచం ముందు కూర్చోబెట్టాను. మనిషి సగమైపోయాడు. నాలుగు ముద్దలు తిన్నాక మెల్లిగా మాటలు కలిపాడు.

"రెండు దేశాల నీళ్ళూ కలిసే గీత దగ్గర ఓడలు మార్చేరే. వాళ్ళ ముగ్గురూ తాడట్టుకుని టక్కున గెంతేశారు. నాలుగోవోడికి అలలో నిలబడ్డమే రాలేదు. మోకాళ్ళ మీద కూలబడిపోయి కడ్డీ వాటేసుకున్నాడు. ఈడు చేపలోడు కాదని అక్కడోళ్ళకి అప్పుడే తెలిసిపోయింది. ఆ ముగ్గురికీ టీ ఇచ్చి కూకోబెట్టేరు. ఈణ్ణొక్కణ్ణీ కిందకి ఈడ్చుకుపోయారు. నేను పక్కోడలోంచి చూత్తానే ఉన్నాను."

నేను ఇంకో గరిటె పులుసు వేశాను.

"అలాంటోణ్ణి చేపలోడని రాయించినోడెవడో, ఆడి చేతులు పడిపోనూ."

"నేనే," అన్నాను. "తిను."

హాస్యమనుకుని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. అప్పుడు గంజి దగ్గర్నుంచి దణ్ణాల దాకా మొత్తం చెప్పాను. నీ కోసమే అన్నాను. నువ్వు కావాలి నాకు, ఇంకెవడు ఏమైపోతే నాకేంటి అని అరిచాను కూడా. ఆయన అంతా విని, కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

ఆరు నెలలు పరాయి జైల్లో పురుగుల కూడు తిని బతికిన మనిషి, నా చేతి అన్నం సగంలో వదిలేశాడు.