తలంటు పోసిన నీటికుక్క

యాభై రెండు జనవరి వరదలో, మలయాలో సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటలోకి నది వచ్చింది. నీళ్ళు తీసిన రోజున రబ్బరు ఆరబెట్టే పొగగది వెనక కాలువలో ఒక నీటికుక్క పిల్ల దొరికింది. కళ్ళు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. మా నాన్న కూర్మయ్య తోట ఆసుపత్రిలో డ్రెస్సరు. గాయాలకు కట్లు కట్టడం, జ్వరం మాత్రలివ్వడం, పసిపిల్లలను తూచడం ఆయన పని. అందుకని కాలువ బాగుచేసే మనుషులు పిల్లను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టారు. ఆయన దాన్ని పసిపిల్లల త్రాసులో వేసి, "పద్నాలుగు ఔన్సులు" అని నా చేతికిచ్చారు.

నా చేతిలోంచి మా నాయనమ్మ అప్పలమ్మ తీసుకుంది.

"ఓలమ్మ, మగగుంటడే! ఆకలికి ఎలా ఏడుస్తన్నాడో సూడు," అంది.

డబ్బా పాలు నీళ్ళలో కలిపి, దూది ఒత్తి ముంచి నోట్లో పిండింది. పది రోజుల్లో చేపముక్కలు మొదలుపెట్టాం.

ఆ నెలాఖరున రామదాసు మాస్టారు చూడడానికి వచ్చారు. ఆయన పట్టణంలో ఇంగ్లీషు బడిలో సైన్సు చెబుతారు. క్లాంగ్‌లో పుట్టారు. తల్లి తెలుగావిడ, తండ్రి తమిళుడు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. మాట చివర ఇక్కడివాళ్ళలా 'లా' తగిలిస్తారు, నాయనమ్మను తమిళంలో 'పాటీ' అంటారు. ఇంట్లో పెరిగిన జంతువు పిల్లకూ నదిలో పెరిగిన పిల్లకూ ఒళ్ళు పనిచేసే తీరులో తేడా ఏమిటని ఆయన ఒక కాలేజీ కోసం వ్యాసం రాస్తున్నారు. నాకు గళ్ళు గీసిన నోటుపుస్తకం ఇచ్చారు. బరువు, తిండి, ఒంటివేడి, నిద్ర, ఈ నాలుగే గళ్ళు. నేను తోట బడిలో ఆరో తరగతి దాకా చదివాను. అంకెలు వేయడం వచ్చు. రోజూ వేశాను.

ఆ గళ్ళలో పట్టని సంగతి ఒకటి ఉంది. నాయనమ్మ రోజూ కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను ముణుకుల మీద వేసుకుని, కొబ్బరినూనె పట్టించేది. ముక్కు ఎత్తుగా రావాలని రెండు వేళ్ళతో నొక్కేది. శనివారం మగపిల్లలకు మంచిదని ఆ రోజు పెసరపిండి నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. మా తమ్ముళ్ళందరికీ అలాగే చేసింది. నీటికుక్క కూడా అలవాటుపడి, నూనె గిన్నె చప్పుడు వినగానే వచ్చి వెల్లకిలా పడుకునేది.

ఇదంతా నేను నా డైరీలో రాసుకున్నాను. మాస్టారి పుస్తకంలో రాయలేదు. ఆయన నవ్వుతారనిపించింది. ఆయన అడగనూ లేదు. ఆయన ఏదైనా అడిగితే నేను తల ఊపడమే గాని మాట్లాడేదాన్ని కాదు.

తోట చుట్టూ ముళ్ళతీగ ఉంది. అడవిలో దాగి సర్కారుతో పోరాడుతున్న కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని, గేటు దాటేవాళ్ళ సంచులూ కొంగులూ వెతుకుతారు. బియ్యమూ చేపలూ కొలిచి ఇస్తారు. అందువల్ల చేపలు తినే జంతువును లోపల పెంచడానికి వీల్లేదని మేనేజరు అన్నాడు. మాస్టారి వ్యాసం కోసం మార్చి నెలాఖరు దాకా గడువిచ్చాడు. తరవాత నదిలో వదిలేద్దామని మేం అనుకున్నాం.

మార్చి మొదటి వారంలో, నది ఒడ్డున పంపు నడిపే వీరసామి చేపల కోసం వేసిన వెదురు మావులో ఇంకో పిల్ల పడింది. చేపలు తినేస్తోందని అతను దాన్ని కొట్టబోతుంటే, మాస్టారు ఒక గంట గడువు అడిగి గోనెసంచిలో మా ఇంటికి తెచ్చారు. పళ్ళు చూసి, వయసు ఒకటేనన్నారు. నాన్న గుడ్డ చుట్టి పట్టుకుంటే అది ఆయన బొటనవేలు కొరికింది.

ముందు తూచాం. నది పిల్ల రెండు పౌండ్ల ఒక ఔన్సు. మాది రెండు పౌండ్ల పదకొండు.

"సూసినారా మాస్టరు? మా ఇంటి తిండి!" అంది నాయనమ్మ.

"అది బరువే లా, పాటీ. నీళ్ళలో ఎయ్యండి, సూద్దాం," అన్నారు మాస్టారు.

సిమెంటు తొట్టి నింపి, ఒకదాని తరవాత ఒకటి పది నిమిషాల చొప్పున వదిలాం. నది పిల్ల ఒక్క మునకలో ముప్పై ఒక్క సెకన్లు కింద ఉంది. మాది తొమ్మిది సెకన్లకే పైకి వచ్చి, అంచు పట్టుకుని అరిచింది. బయటికి తీశాక నాన్న వేడి చూశారు. నది పిల్లకు నూటొకటికి అర డిగ్రీ తక్కువ. మాదానికి తొంభై నాలుగు. అది వణుకుతోంది. మాస్టారు వెంట్రుకలు విడదీసి చూపించారు. నది పిల్లకు పైబొచ్చు తడిసినా కింద మెత్తటి బొచ్చు పొడిగా ఉంది. మాదానికి తోలు దాకా నీళ్ళు.

వీరసామి వచ్చి నది పిల్లను పట్టుకుపోయి, మాస్టారి మాట మీద ఆయన ముందే నదిలో వదిలాడు. మాస్టారు తిరిగి వచ్చి నాన్నతో అన్నారు:

"ఇది నదిలో ఒక్క రాత్రి బతకదు సార్. శనివారం కాలేజీవాళ్ళకి ఇచ్చేద్దాం."

"ఆళ్ళు పెంచుతారేటి?" అంది నాయనమ్మ.

"పెంచరు పాటీ. గుండె, ఊపిరితిత్తులు తీసి తూస్తారు. ఇంట్లో పెరిగితే ఎందుకు ఇలా అయిపోద్దో తెలియాలి కదా."

నాయనమ్మ తడిసిన పిల్లను తన చీరకొంగులో చుట్టి, పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. నూనె గిన్నె పొయ్యి పక్కనే ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళడం చూశాను. నేను లోపలికి వెళ్ళి డైరీ తెచ్చి మాస్టారికిచ్చాను.

ఆయన రెండు పేజీలు తిప్పారు. "నాకు తెలుగు సదవరాదు కదమ్మా. నువ్వే సదువు లా."

నాన్న ఉన్నారు, నాయనమ్మ వింటోంది. నేను తల దించుకుని చదివాను. "ఫిబ్రవరి రెండు, శనివారం. నలుగు పెట్టి తలంటు. నూనె మూడు చెంచాలు. ఫిబ్రవరి మూడు. నూనె రెండు చెంచాలు. ముక్కు నొక్కింది." అలా నాలుగు పేజీలు చదివాక మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"రోజూనా?"

తల ఊపాను. సరిపోదనిపించి, "రోజూ," అన్నాను.

"అయ్యయ్యో పాటీ! బొచ్చులో గాలి నిలబడాలి. ఆ గాలే దానికి కంబళి. నూనె రాస్తే గాలెక్కడుంటాది?"

"ఏటి మాస్టరూ! నూనె రాయకుండా ఏ పిల్లడు పెరిగినాడు? నీకు మీయమ్మ రాయనేదా?"

"రాసింది. నాను నదిలో పడుకోను కదా!"

నాన్న నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. నావైపు చూసి, "సెప్పేదానివి ముందే సెప్పొద్దేటే?" అంది.

మాస్టారు నా నోటుపుస్తకం తీసి, అప్పటిదాకా వేసిన అంకెల కింద గీత కొట్టారు. ఇవి ఇంట్లో పెరిగినందువల్ల వచ్చినవో నూనెవల్ల వచ్చినవో చెప్పలేమనీ, వ్యాసానికి పనికిరావనీ అన్నారు. శనివారం కాలేజీవాళ్ళను రావద్దని ఉత్తరం రాశారు. మూడు వారాలు నూనె ఆపి మళ్ళీ పరీక్షిద్దామన్నారు.

మూడు వారాలూ నాయనమ్మ నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. పిల్ల మాత్రం రోజూ ఆమె దగ్గరికి పోయి వెల్లకిలా పడుకునేది. ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుని, "నాకేటి సెప్తావురా? ఆ సదువుకున్నోల్ని అడుగు," అనేది. కాసేపు చూసి అది లేచిపోయేది. ఇసుకలో పొర్లి, పళ్ళతో బొచ్చు దువ్వుకునేది. రోజుకు నాలుగుసార్లు తొట్టిలో వేసేవాళ్ళం. బరువు తగ్గింది.

మార్చి ఇరవై తొమ్మిదిన లెక్క ఇది: బరువు రెండు పౌండ్ల ఆరు ఔన్సులు. మునక ఇరవై ఆరు సెకన్లు. పది నిమిషాల తరవాత ఒంటివేడి నూరు. కింద బొచ్చు పొడి. మెడ వెనక అణా అంత చోట తడి.

"సాలు," అన్నారు మాస్టారు.

మర్నాడు ఆదివారం. పిల్లను ఒక బుట్టలో పెట్టాం. కడుపు నిండితే ఒడ్డునే కాసేపు ఉంటుందని, వదిలే ముందు పెట్టడానికి ఇంకో బుట్టలో ఆరు చేపలు వేసుకున్నాం. గేటు దగ్గర మలాయ్ కానిస్టేబులు రెండు మూతలూ తీసి చూశాడు. ఇకాన్ తా బొలే, చేపలు కుదరవన్నాడు. ఆరూ తీసి పక్కన పెట్టాడు. నీటికుక్కను చూసి, మెమెరాంగ్ బొలే, అది పోవచ్చన్నాడు.

అలా ఆకలితోనే తీసుకెళ్ళాం. పంపు దగ్గర బుట్ట వంచగానే నీళ్ళలోకి పోయింది. మాస్టారు గడియారం చూశారు. ముప్పై మూడు సెకన్లకు అవతలి ఒడ్డు దగ్గర తల లేచింది. నోట్లో ఏదో ఉంది. మళ్ళీ మునిగింది. తరవాత కనబడలేదు. పదకొండు గంటల దాకా ఉన్నాం.

వారం తరవాత వీరసామి ఒక రాతి మీద పెంట చూపించాడు. అందులో పీత పెంకులూ చేప పొలుసులూ ఉన్నాయి. మాస్టారు కాగితంలో పొట్లం కట్టుకున్నారు. ఇది మన పిల్లదేనని రాయడానికి ఆధారం లేదని చెప్పారు. నది పిల్లది కావచ్చు, తల్లిది కావచ్చు.

ఇంటికి వచ్చి నాయనమ్మతో ఆ మాటే అన్నాను.

"పీతలెంత ఉన్నాయి?" అంది.

చాలానే ఉన్నాయని చెప్పాను.

"అయితే ఆడిదే. ఆ కానిస్టేబులు సేపలు తీసినాడు కదా, ఆకలి మీదున్నాడు," అంది. "మాస్టరు పుస్తకంలో రాయి."

నేను రాయలేదు.