కుంటిన నీడ

పొద్దున్నే కొట్టం తలుపు తీసి, కోడెలను వాకిట్లోకి వదిలి, గోడ మీద వాటి నీడలను చూసుకోవడం రాజనర్సుకు అలవాటు. వర్ని దిక్కు రైతులందరూ అంతే. జబ్బవాపు వచ్చే పశువు నీడ ఒకరోజు ముందే కుంటుతుంది. మొగులు చూసి వాన చెప్పినంత మామూలుగా నీడ చూసి ఆ రోగం సంగతి చెప్పేవాళ్లు.

ఆ ఏడు మిరుగం వానలు పడ్డ వారానికి రెండు కోడెల్లో సుక్కడి నీడ వెనక కాలు ఈడ్చింది. సుక్కడు మాత్రం నిగనిగలాడుతూ గడ్డి మేస్తున్నాడు. రెండేళ్ల కోడె. బలిసిన పశువునే పట్టుకుంటుంది ఆ రోగం.

"అంగడికి తోల్కపోత," అన్నాడు రాజనర్సు.

"పాపం తగుల్తది," అంది అతని భార్య గోదావరి.

"విత్తనాలు నువ్వు తెస్తవా?"

ఆమె సుక్కడి నొసలు నిమిరి లోపలికి పోయింది.

బోధన్ అంగడిలో మిట్టమధ్యాహ్నం దాకా ఆగాడు. సూర్యుడు నడినెత్తికొచ్చి, పశువుల నీడలు వాటి కాళ్ల కిందికే పోయాయి. అప్పుడొచ్చాడు మొయినుద్దీన్, చెరుకు బండి తోలే ముసలాయన. ఆయన జోడులో ఒక ఎద్దు ముసలిదై చచ్చిపోయింది.

"నీడ సక్కగున్నదా బిడ్డా?"

"సక్కగున్నది తాతా."

ముసలాయన ఇంకో మాట అడగకుండా పైసలు లెక్కపెట్టి ఇచ్చి, సుక్కణ్ణి తోలుకుపోయాడు.

మూడో రోజు పొద్దున ఆయనే వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. తిరిగి ఇమ్మంటే ఇవ్వడానికి రాజనర్సు దగ్గర ఏమీ లేదు. విత్తనాలు కొనడంతోనే పైసలు అయిపోయాయి.

"తొడ ఉబ్బింది. ఒత్తితే లోపల ఎండాకుల లెక్క కరకరమన్నది," అన్నాడు మొయినుద్దీన్. "తోలు తియ్యద్దన్నడు డాక్టరు. సున్నం పోసి లోతుగ పాతిపెట్టిన. నేను కొట్లాటకు రాలే బిడ్డా. పానం పోయేదాక నా ఒళ్లోనే తల పెట్టుకున్నది. ఏమని పిల్వాల్నో తెల్వలే. పేరేంది దానిది?"



"సుక్కడు," అంది గోదావరి.

"సుక్కడు," అని మెల్లగా అనుకుని ముసలాయన వెనక్కి తిరిగాడు.

రాజనర్సు కొట్టంలోకి పోయి రెండో కోడెను విప్పుకొచ్చాడు. ఏటవాలు ఎండలో దాన్ని వాకిలంతా ఒక చుట్టు తిప్పాడు. గోడ మీద నాలుగు కాళ్లూ సమంగా పడ్డాయి.

"చూడు తాతా. మంచిగ చూడు," అంటూ పగ్గం ఆయన చేతిలో పెట్టాడు.

కోడెలు లేక ఆ వానకాలం మడి దున్నలేదు. తెచ్చిన విత్తనాలు పక్క రైతుకే పోయాయి. చలికాలం రాగానే మొగుడూపెళ్లాలు బోధన్ దిక్కు చెరుకు కొట్టే కూలికి పోయారు. ఒకనాటి సాయంత్రం చక్కెర ఫ్యాక్టరీ తొవ్వలో మొయినుద్దీన్ బండి వెనక నుంచి వచ్చి ఆగింది.

"ఎక్కు బిడ్డా."

"వద్దు తాతా. బరువైతది."

రాజనర్సు ఎక్కలేదు. ఫ్యాక్టరీ గేటు దాకా, రోడ్డు మీద పొడుగ్గా సాగిన, తాను ఇచ్చిన కోడె నీడలోనే నడిచాడు.