నాలుగో కుప్ప

పరీక్ష యూనివర్సిటీ క్యాంపస్‌లోనే పడింది. రాసి బయటికొచ్చిన నవత ముఖం పెళ్ళింటి గడపలా వెలుగుతోంది. ఎస్సై ఉద్యోగానికి ఆమెకిది ఆఖరిసారి, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. పోయినసారి రెండే మార్కుల్లో జారిపోయింది.

స్నేహితురాలు శ్రీలలితతో రైళ్ళ లెక్కల జవాబులు పోల్చుకుంటూ తార్నాక దాకా నడిచి, మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. ఇద్దరికీ మధ్యలో వేయించిన పల్లీల పొట్లం. శ్రీలలితది హబ్సిగూడ. ఇంట్లో రాయమన్నారని రాసే మనిషి.

"నిష్పత్తులైతే నమిలి మింగిన. మా ఇంటి లెక్కలే గవి," అంది నవత.

"సిమెంటూ ఇసుకా ఒకటికి మూడు, మొత్తం ఇరవై నాలుగు తట్టలు. సిమెంటెన్ని పెట్టావే?"

"ఎనిమిది."

శ్రీలలిత పల్లీ నోట్లో వేసుకోబోయి ఆగింది. "ఆరు కదే."

"నీ మొకం. ఆప్షన్లల్ల ఎనిమిదున్నది."

"ఆరు కూడా ఉంది."

నవత నవ్వి, కాగితం మీద పల్లీలు మూడు కుప్పలు పోసింది. "కల్లంల మా నాయన గిట్లనే పోస్తడు. మూడుకొకటి. ఒక కుప్ప మాది, రెండు పటేలువి."

"అది మూడింట్లో ఒకటి. ఇక్కడ సిమెంటుకి ఒకటి, ఇసుకకే మూడు." శ్రీలలిత ఇంకో గుప్పెడు తీసి పక్కన పోసింది.

నవత ఆ నాలుగో కుప్పను పామును చూసినట్టు చూసింది.

"ఇన్నాళ్ళూ ఆన్సర్ కీతో సరిచూసుకోలేదా?"

"చూసిన. రైళ్ళయి చూసిన, పని-కాలం చూసిన. గివి మనకొచ్చినయే గదా అని..."

పోయినసారి ఓడగొట్టింది రైళ్ళ లెక్కలేనని ఏడాదంతా వాటినే తిట్టుకుంది. క్యాంపస్ చెట్ల కింద కూర్చుని, వంతెన దాటే రైళ్ళనూ ఎదురెదురొచ్చే రైళ్ళనూ అరగదీసింది. దొంగను ఇంట్లో పెట్టుకుని ఊరంతా గాలించింది.

"గసొంటివి ఎన్నొచ్చినయే?"

"ఐదు," అంది శ్రీలలిత, నెమ్మదిగా.

నెత్తిమీద మెట్రో దడదడలాడుతూ పోయింది. మెట్లదిరి, ఆ నాలుగో కుప్పలోంచి పల్లీలు కొన్ని దొర్లాయి. నవత వాటిని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ అదే కుప్ప మీద పెట్టింది.

"రైళ్ళయి అన్ని కలిసినయా?"

"అన్నీ కలిశాయే."

"మల్ల గిదేందే," అంది నవత. ఆమె చెయ్యి మాత్రం ఆ కుప్ప మీదినుంచి లేవలేదు.