ఒకటో నంబరు చీటీ

మధ్యాహ్నం ఒంటిగంటకి క్యూ చివర పక్క మండలంలో ఉంది. అక్కడికి వెళ్ళి చీటీలు పంచి రమ్మని గంగాధర్ సార్ నన్ను పంపిస్తున్నారు.

ఆయన ఈ పోలింగ్ కేంద్రానికి ప్రిసైడింగ్ అధికారి, మామూలు రోజుల్లో హైస్కూల్లో లెక్కల సారు. నేను ఈ ఒక్కరోజు అధికారిని. మామూలు రోజుల్లో కాలేజీ లైబ్రరీలో కాంట్రాక్టు మీద పుస్తకాలకి అట్టలు వేస్తాను. పంచాయతీ ఎన్నికలు వస్తే మాత్రం ఇలా దూదిపల్లెలాంటి ఊరికి తీసుకొచ్చి, చేతికి సిరా సీసా ఇచ్చి, వచ్చినవాళ్ళ ఎడమచేతి చూపుడువేలికి గీత పెట్టమంటారు. పొద్దున్నుంచీ పెడుతూనే ఉన్నాను. మొహాలు చూడటం ఎప్పుడో మానేశాను. వేళ్ళొస్తాయి, వేళ్ళు పోతాయి.

"టైమైంది ప్రమీలమ్మా," అంటారు సార్. "ఇప్పుడు లైన్ల ఉన్నోళ్ళకే ఓటు. ఆఖరు మనిషి కాడికెళ్ళి మొదలువెట్టు. ఒకటో నంబర్ చీటీ ఆ మనిషికే ఇయ్యాలె. ఇగ ఎనుక ఎవ్వలు నిలవడొద్దు."

"ఆఖరు ఏడున్నది సార్?"

"రేగులకుంట దిక్కు అంటున్నరు."

రేగులకుంట మా ఊరు. ఆ మాట సార్‌తో అనను. గోడ మీద గడియారం ఒంటిగంట దగ్గర ఆగి నన్నే చూస్తోంది. ఒకటో నంబరు చీటీ ఇచ్చేదాకా అది కదలడానికి లేదు. పాపం, దాని డ్యూటీ కూడా నా డ్యూటీలాంటిదే.

మా ఊళ్ళోనూ ఇవాళే పోలింగ్. మా చంద్రక్క మా వాడకి వార్డు మెంబరుగా నిలబడింది. గుర్తు స్టూలు. పొద్దున్నే ఫోన్ చేసి, "వాడ మొత్తం ఇంటింటికీ తిరిగి లెక్క తీసిన చెల్లె. సగం మంది నాకు, సగం మంది ఆ సబితకు. నువ్వొక్కదానివే మిగిలినవ్. వస్తవా, రావా?" అంది.

"డ్యూటీల ఉన్ననక్కా."

"లోకం మీద అందరి వేళ్ళకు ఇంకు వెడ్తవు. నీ వేలు మాత్రం ఉత్తగనే ఉంచుకుంటవా?" అని పెట్టేసింది.

అక్క ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. నన్ను పెంచినందుక్కూడా ఎప్పుడూ ఏమీ అడగలేదు. మొదటిసారి ఒకటడిగితే నేను లేను. అందుకని, క్యూ చివర మా ఊరివైపు ఉందని తెలియగానే నాకు లోపల కొంచెం ప్రాణం లేచొస్తుంది. చీటీ ఇచ్చేసి, అటునుంచి అటే వెళ్ళి ఓటు వేసి రావచ్చు.

క్యూ వెంబడే నడుస్తాను. బడి గేటు కొంతదూరం నాతోపాటు వస్తుంది. పాలకేంద్రం దాటాక దానికి ఓపిక అయిపోయి ఆగిపోతుంది. వరసలో నిలబడ్డవాళ్ళ మొహాలన్నీ నాకు ఎదురుగా ఉన్నాయి. ఒక్కో మొహం దగ్గర ఆగి, "నువ్వేనా ఆఖరు?" అనడుగుతాను. అందరూ వెనక్కి చూపిస్తారు. చూపించీ చూపించీ కొందరి చేతులు అలాగే వెనక్కి ఉండిపోయాయి.

రాత్రి బడి బెంచీల మీద దోమలతో గడిపాను కాబట్టి నిద్రన్నది లేదు. ప్రస్తుతం నా ఒళ్ళు మోకాళ్ళ దాకా మాత్రమే డ్యూటీ చేస్తోంది. పైనున్నదంతా ఊరికే వెంట వస్తోంది.

పత్తిచేల దగ్గర మనుషులు అయిపోయి చెప్పులు మొదలవుతాయి. ఎండకి తాళలేనివాళ్ళు తమ బదులు చెప్పులు పెట్టి పోయారు. చెప్పుల వెనక రాళ్ళు, రాళ్ళ వెనక సంచులు, ఒక సద్దిగిన్నె. ఒంటిగంటకి నిలబడి ఉన్నవాళ్ళకే చీటీ ఇవ్వాలని నియమం. చెప్పులు నిలబడి ఉన్నట్టా, పడుకున్నట్టా? వంగి చూస్తాను. ఎటూ తేలదు.

వాటికి ఒక అవ్వ కాపలా ఉంది.

"ఇవేనా అవ్వా ఆఖరు?"

"గివెట్ల ఆఖరైతయి బిడ్డా? చెప్పులకు ఓటున్నదా?"

"లేదు."

"ఓటు లేనియి ముందట ఉండయి, ఎనుక ఉండయి. నడువు."

"మరి వీటి మనుషులేరి?"

"వాళ్ళా? ముందట లైన్లనే ఉన్నరు. ఎందుకన్న మంచిదని ఎనుక గూడ జాగ వట్టుకున్నరు."

ఇంతలో క్యూ కదులుతుంది. చెప్పులన్నీ ఒక్కో అడుగు ముందుకు వేస్తాయి. సద్దిగిన్నె వెనకబడితే అవ్వ దాన్ని కాలితో నెడుతుంది. నేను ఆమెకి దండం పెట్టి ముందుకు పోతాను.

తర్వాత క్యూ ఒక ఇంట్లోకి దూరుతుంది. గుమ్మంలోంచి వెళ్ళి, వంటగదిలోంచి పెరట్లోకి వస్తుంది. ఆ ఇంటావిడ క్యూలో నిలబడే జొన్నరొట్టెలు చేస్తోంది. వరస కదిలినప్పుడల్లా పొయ్యి కూడా ఆమెతో కదులుతుంది. రొట్టె ఒకవైపు పెరట్లో కాలి, రెండోవైపు కాలేసరికి నడింట్లో ఉంటుంది. మొగుడికి పెరట్లో పెడితే, అతను వాకిట్లో చెయ్యి కడుక్కుంటాడు.

"ఓటెవ్వలకేస్తున్నవక్కా?" అనడుగుతుంది.

"నా ఓటు ఈడ లేదమ్మా."

"లేదా? అయితే నీకు తొందర లేదు. తిను."

వేడి రొట్టె మీద పచ్చిమిరపకాయ తొక్కు వేసి చేతిలో పెడుతుంది. నిలబడి తింటాను. పక్కనే స్టూలుంది గాని, అది మా అక్క గుర్తు. డ్యూటీలో ఉన్న మనిషి ఒక గుర్తు మీద కూర్చోకూడదు. పొద్దున్నుంచీ నాకు దొరికిన మొదటి తిండి ఇదే. కళ్ళలో నీళ్ళొస్తాయి. తొక్కు కారంగా ఉందని చెప్తాను.

ఇల్లు దాటాక ఎంత దూరం నడుస్తానో తెలియదు. ఎండ నెత్తి మీదే ఉంది. గడియారం కదిలితే గదా అది దిగేది.

అలా పోగా పోగా, ఒకచోట మొహాలు అయిపోతాయి. వీపులు మొదలవుతాయి.

అక్కడ ఒక ఎర్రతువ్వాలు ఆయన దూదిపల్లె వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆయనకి వెనక, వీపు ఇటు పెట్టి, చంకలో సంచితో ఒకామె రేగులకుంట వైపు తిరిగి నిలబడి ఉంది. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి అవతల, వీపుల వరస పక్కనుంచి ఒకాయన కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నాడు. మెడలో నాకున్నట్టే కార్డు, చేతిలో నాకున్నట్టే చీటీల కట్ట. రేగులకుంట బూత్‌లో సిరా డ్యూటీ అట. పేరు సదానందం.

"మీ ఆఖరు దొరికిందా మేడమ్?" అంటాడు.

"లేదు. మీది?"

"నేనూ గదే వెతుక్కుంట వస్తున్న."

ఇద్దరం చూస్తాం. రెండు ఊళ్ళకీ క్యూ ఒకటే. దానికి రెండు మొదళ్ళున్నాయి, చివర లేదు. ఎర్రతువ్వాలు ఆయనకి చీటీ ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

"నా ఎనుక జాగ ఉన్నది. జాగ ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. నేను ఆఖరోణ్ణి గాదు."

సంచి ఆమె కూడా ముందుకి చూస్తూనే అదే మాట అంటుంది. వాళ్ళ మాటలో తప్పు దొరకదు.

"గీ జాగల ఎవ్వలో ఒకలు నిలవడాలె," అంటాడు సదానందం. "నిలవడ్డోళ్ళు రెండు లైన్లకు ఆఖరైతరు. నాకు రెండూళ్ళల్ల ఓటు లేదు. మీకు?"

"రేగులకుంటల ఉన్నది."

"అయితే మీరే. గని ఏ దిక్కుకూ తిరుగొద్దు మేడమ్. ఒక దిక్కు తిరిగితే రెండో ఊరికి ఆఖరు లేకుంట వోతది. పాపం, ఎవ్వలిండ్లకు వాళ్ళు పోవాలె గద."

నేను ఖాళీలో నిలబడతాను. పత్తిచేనువైపు, అడ్డంగా. సదానందం ఒకటో నంబరు చీటీలు రెండు రాసి, నా చేతుల్లో చెరొకటి పెడతాడు. దూరంగా రెండు ఊళ్ళలో గడియారాలు కదిలిన చప్పుడవుతుంది. ఎర్రతువ్వాలు ఆయన ఒక అడుగు అటు వేస్తాడు, సంచి ఆమె ఒక అడుగు ఇటు వేస్తుంది. నేను ఉన్నచోటే ఉంటాను.

"నేనెప్పుడు కదలాలె?"

"ఏ దిక్కూ తిరుగనోళ్ళు ముందటికెట్ల పోతరు మేడమ్?"

అప్పటిదాకా పట్టుకుని ఉన్న ఏడుపు ఇక ఆగదు. మా అక్క సంగతి ఆయనతో చెప్తాను. వాడ సగం సగమైన సంగతి, నేనొక్కదాన్నే మిగిలిన సంగతి, ఆమె నన్నెప్పుడూ ఏమీ అడగని సంగతి. సదానందం తలొంచుకుని వింటాడు.

"మీ అక్కను చూసిన," అంటాడు. "బడి ప్రహరీ అవతల కూసోని తొవ్వ చూస్తున్నది. నేను బయటికి వచ్చినప్పుడల్ల, మీరే అనుకొని లేస్తున్నది."

ఆయన నా ఎడమచెయ్యి వైపు చూస్తాడు.

"వేసేది వేలే గద మేడమ్. వేలు పంపియ్యిండ్రి."

నిజమే. పొద్దున్నుంచీ నేను చూసింది వేళ్ళనే. మనుషులు వచ్చారని నేను సాక్ష్యం చెప్పలేను. ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని తిప్పుతాను. నీళ్ళసీసా మూతలాగా రెండు తిప్పులకి ఊడొస్తుంది. నొప్పి లేదు. సదానందం దాన్ని చొక్కాజేబులో పెన్ను పక్కన పెట్టుకుంటాడు.

"మీరు ఓటేసిండ్రా?" అనడుగుతాను.

"నాకు గీ నౌకరి దొరికినకాణ్ణుంచి ఇంకు వెట్టుడే మేడమ్, వెట్టుకునుడు లేదు," అంటూ వీపుల పక్కనుంచి వెళ్ళిపోతాడు.

ఇక్కడ నిలబడే నాకు అక్కడిదంతా తెలుస్తోంది. జేబులో ఆయన గుండె చప్పుడు, పెన్ను మూత చల్లదనం. తర్వాత బల్ల. నా పేరు పైకి చదువుతున్నారు. సబిత తరఫు ఏజెంటు లేచాడు.

"మనిషేది?"

"డ్యూటీల ఉన్నది."

"గట్లనా, అయితే సరే."

నా వేలికి సిరా పెడుతున్నారు. ఎంత చల్లగా ఉందో. ఇంతమందికి పెట్టాను, అది తగిలితే ఎలా ఉంటుందో మాత్రం నాకు ఇప్పుడే తెలిసింది. అట్టపెట్టె చాటున చీకటి. నా వేలు రబ్బరు ముద్రని ఎత్తి స్టూలు మీద గట్టిగా నొక్కుతుంది. బ్యాలెట్ మడిచేటప్పుడు దాన్ని బయటికి లాగడానికి వెనక చెయ్యి లేదు. మడతలోనే ఉండిపోయి, కాగితంతోపాటు పెట్టెలో పడుతుంది.

నా అటూ ఇటూ క్యూ తరిగిపోతోంది. పొద్దు కొద్దిగా వాలింది. పెట్టెలో మాత్రం ఇంకా చీకటే.

కాసేపటికి పెట్టెను బోర్లిస్తారు. వెలుగు. ఒక్కో కాగితం విప్పి, ఎత్తి చూపించి, ఇటొకటి అటొకటి పెడుతున్నారు. అక్క లెక్క ఎక్కడా తప్పలేదు. చివరికి రెండు కుప్పలూ సమానంగా నిలిచి, మడతలో వేలున్న కాగితం ఒక్కటే మిగులుతుంది.

అధికారి నన్ను పైకెత్తుతాడు.

"ఓటు స్టూలుకే పడ్డది," అంటాడు. "గని ఓటేసినోళ్ళు ఎవ్వలో తెలిసిందంటే ఓటు చెల్లది. గీ వేలు ఎవ్వల్దో ఎవ్వలన్న గుర్తువడ్తరా?"

బల్ల దగ్గర నేనెవరో రుజువు కావాలి. పెట్టెలోంచి వచ్చాక నేనెవరో తెలియకూడదు. వేలు చేతులు మారుతుంది. ఏజెంట్లు తిప్పి చూస్తారు, తెలియదంటారు. సబిత గోరు దగ్గర గిల్లి చూస్తుంది, తెలియదంటుంది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

చివరికి నన్ను అక్క చేతిలో పెడతారు.

బీడీలు చుట్టీ చుట్టీ గరుకెక్కిన చెయ్యి అది. ఆమె బొటనవేలు నా గోటి మీంచి కిందికి జరుగుతూ వచ్చి, రెండో కణుపు మీద మచ్చ దగ్గర ఆగుతుంది. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిన మచ్చ. ఆరోజు నేనేడవలేదు. నా వేలిని నోట్లో పెట్టుకుని అక్కే ఏడ్చింది.

ఇక్కడ నేను పత్తిచేనుకి ఎదురుగా నిలబడి, చెప్పకు, చెప్పకు అని గొణుగుతున్నాను. ఇంకో పక్క ప్రాణమంతా, చెప్పవే అక్కా, ఒక్కసారి నా చెల్లెదే అని చెప్పవే అని కొట్టుకుంటోంది.

"చెప్పమ్మా," అంటాడు అధికారి.

"ఇది ఎవ్వల్దో నాకెర్కలే సారు," అంటుంది అక్క.

గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం నన్ను వదలదు. అధికారి ఒక్కో వేలూ విడదీసి, ఆమె పిడికిట్లోంచి నన్ను తీసుకోవాల్సి వస్తుంది. ఓటు చెల్లిందంటాడు. బయట డప్పులు మొదలవుతాయి. చంద్రక్క గెలిచిందని ఎవరో అరుస్తారు.

నాకు సంతోషంగా ఉంది. నాలుగు వేళ్ళ చేత్తో కళ్ళు తుడుచుకుంటాను. నా ముందూ వెనకా ఎవరూ లేరు. రెండు ఊళ్ళ మధ్య ఆఖరు మనిషిని నేనొక్కదాన్నే, ఎటూ తిరగకుండా నిలబడి ఉన్నాను.

అక్కడ నన్ను స్టూలు ఓట్లతో కలిపి, రబ్బరు బ్యాండు వేసి, గుడ్డసంచిలో పెడతారు. సంచి మూతి మీద లక్క కరిగించి పోస్తున్నారు. ఆ వేడి ఇక్కడిదాకా తెలుస్తోంది. లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనపడదు. కాగితాల మధ్య ఇంకేదో కదులుతూ వచ్చి నాకు తగులుతుంది. ఇంకో వేలు. గరుకుగా ఉంది, గోరు ఒక పక్కకి అరిగిపోయింది. అది మెల్లగా నా మచ్చని తడిమి, వంగి, నన్ను గట్టిగా పట్టుకుంటుంది.

అది ఎవరిదో నాకు తెలుసు. నన్నెవరూ అడగడం లేదు.