వంటగది లేని అడవి

"శ్రీలంకల ఏ సఫారీ పార్కుకు పోవాల్నో నువ్వే చూడు విద్యా. నీకు జర టైం ఉంటది గదా" అన్నారు మా ఆయన విజయేందర్, నేను దొండకాయలు తరుగుతుండగా.

ఉదయం ఐదింటికి లేచిన దగ్గర్నుంచి గన్‌ఫౌండ్రీలో ఇన్సూరెన్స్ ఆఫీసు కుర్చీలో కూలబడేదాకా, సాయంత్రం నాంపల్లిలో ఇల్లు చేరి మళ్ళీ పొయ్యి వెలిగించేదాకా, మధ్యలో ఎక్కడో నేను ఇంత టైం దాచుకుని ఉంటానని ఆయన నమ్మకం. కోఠిలో ఆయనది స్టేషనరీ షాపు. తల గోక్కోవడానికి కూడా తీరిక లేదంటారు, మధ్యాహ్నం అన్నం తిన్నాక గంటసేపు కునుకు తీయడానికి మాత్రం ఎలాగో దొరుకుతుంది. అయినా నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు అప్పగించినందుకు లోపల సంతోషమే కలిగింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది. ఎక్కడికి పోదామని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఏమేం కట్టుకుపోవాలని మాత్రం ప్రతిసారీ అడిగారు.

దసరా సెలవులకు ప్రయాణం. మా ఆయనకు చిరుత కావాలి. పక్క షాపు వంశీధర్ నిరుడు చిరుత ఫోటో తీసుకొచ్చి బజారంతా చూపించాడట, అప్పట్నుంచి ఈయన మనసు చిరుత మీదే. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న మా ప్రణవికి జనం తక్కువుండే అడవి కావాలి. "ఒక్క జంతువు సుట్టు నలభై జీపులు మమ్మీ, పెండ్లిపిల్ల సుట్టు ఫోటోగ్రాఫర్లు నిలబడ్డట్టు. గసొంటి కాడికి నేను రాను" అంది. అత్తమ్మ అడగ్గా అడగ్గా, "నాకు ఏనుగులు చాలు బిడ్డా. గాడ బాత్రూం గూడ ఉండాలె" అంది. నాకేం కావాలని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు.

పది రోజులు లంచ్ టైములో ఒక చేత్తో అన్నం కలుపుకుంటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదివాను. యాల పార్కులో చిరుతలు ఎక్కువ, జీపులు అంతకంటే ఎక్కువ. పైగా ఎండలు ముదిరాక సెప్టెంబరు ప్రాంతంలో దాన్ని కొన్నాళ్ళు మూసేస్తుంటారు, మేం పోయేనాటికి తెరుస్తారో లేదో నమ్మకం లేదు. విల్పత్తు పెద్ద అడవి, ప్రశాంతంగా ఉంటుంది, కానీ రోజంతా జీపులో తిరిగితే తప్ప చూసినట్టుండదు. డెబ్బై నాలుగేళ్ళ అత్తమ్మ నడుము దానికి ఒప్పుకోదు. మినేరియాలో ఆ రోజుల్లో చెరువు ఒడ్డుకు వందల ఏనుగులు చేరతాయట, వానలు ముందుగా పడితే అవి తమ దారిన తాము పోతాయి. ఉడవలవెలో ఏడాది పొడుగునా ఏనుగులుంటాయి, గడ్డి నేల కాబట్టి దూరం నుంచే కనిపిస్తాయి, మూడు నాలుగు గంటల్లో తిరిగి రావచ్చు. చిరుత మాత్రం అదృష్టముంటేనే. ఇదంతా ఒక పాత డైరీలో రాసుకున్నాను. పాలసీ కాగితాల మధ్య కూర్చుని ఎలుగుబంటి ఏ వేళకు చెట్టెక్కుతుందో చదువుతుంటే నాకు నేనే కొత్తగా అనిపించాను. పరీక్ష లేకుండా చదవడంలో ఇంత సుఖముందని మరిచిపోయి చాలా ఏళ్ళయింది.

ఇంతలో ఒక సాయంత్రం మా ఆయన చెప్పులు విడవకుండానే "దొరికింది!" అంటూ వంటింట్లోకి వచ్చారు. "విల్పత్తు గేటు కాడ ఇల్లు మొత్తం కిరాయికిస్తరంట. వంశీధర్ చెప్పిండు. పెద్ద వంటగది ఉందంట, గ్యాస్ ఉంది, గిన్నెలున్నయి. అమ్మ బయట తినది గదా. ఇగ నీకేం ఫికర్ లేదు!"

వంటగది ఉంది కాబట్టి నాకు ఫికర్ లేదట. ఆయన ఎగతాళికి అనలేదు. నా మంచి కోరే అన్నారు. మేం ఎక్కడికి పోయినా నీలం సూట్‌కేసులో ఒక మూల ఎలక్ట్రిక్ కుక్కర్ వస్తుంది. పాత టవలు చుట్టి, లోపలి ఖాళీ కూడా వృథా పోకుండా కందిపప్పు, చింతపండు, కారం పొట్లాలు కూరి సర్దుతాను. ఊటీలో లాడ్జి మంచం పక్కన వండాను. గోవాలో ప్లగ్గు బాత్రూం అద్దం దగ్గరే ఉంటే అక్కడ నిలబడి వండాను. గోవాలో సముద్రం చూడలేదని అనను. చూశాను, కుక్కర్ కడిగాక.

తాడోబా సంగతి వేరు. మహారాష్ట్రలోని ఆ పులుల అడవికి ఆరేళ్ళ క్రితం పోయాం. తెల్లవారుజామున సఫారీ, తిరిగొచ్చేసరికి తొమ్మిదవుతుంది, రాగానే అత్తమ్మ టిఫిన్ తిని బీపీ మాత్ర వేసుకోవాలి, ఆ తర్వాత దారి భోజనం కట్టుకుని హైదరాబాదుకు బయల్దేరాలి. "నువ్వు లాడ్జిల ఉంటెనే మంచిగుంటది విద్యా, సాయంత్రం సఫారీకి నువ్వు పోదువు గాని" అన్నారు ఆయన. సాయంత్రానికి మేం సగం దారిలో ఉన్నాం. వాళ్ళు పులిని చూసొచ్చారు. ప్రణవి ఊపిరాడకుండా చెప్పింది: బాట దాటుతూ మధ్యలో ఆగిందట, ఒకసారి వెనక్కి తిరిగి చూసిందట, తోక చివర దుమ్ము అంటుకుని ఉందట. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా "మేమంత పులిని చూసినం" అని ఆయన మొదలుపెట్టేవారు. మొదట్లో నేను టీ కప్పులు అందిస్తూ ఊరుకునేదాన్ని. ఒకసారి ఆయన మధ్యలో మాట మరిచిపోతే నేనే అందించాను, "వెనక్కి తిరిగి చూసింది" అని. అది మొదలు పులి కథ నా వాటా అయిపోయింది. ఆయనకంటే నేనే బాగా చెబుతానని చుట్టాలంటారు. చూడని పులిని ఎంతమందికి చూపించానో లెక్కలేదు.

విల్పత్తు ఇంటి మాట వచ్చిన మర్నాడు ఆఫీసులో డోర్కాస్ అక్క నా డైరీ లాక్కుని చూసింది. ఆమె నా పక్క సీటు, మెదక్ మనిషి, పోయినేడు చర్చి స్త్రీల సమాజం తరఫున ఆమెతో కలిపి ఎనిమిది మంది ఆడవాళ్ళు శ్రీలంక తిరిగొచ్చారు.

"పులినే చూసినదానివి, ఇగ చిరుత కోసం గింత పరేషానెందుకే?" అంది.

రోజూ చెప్పే అబద్ధమే. ఆ రోజెందుకో నోరు దాటలేదు. "నేను చూడలేదక్కా" అన్నాను. "వాళ్ళు చూసిన్రు. నేను లాడ్జిల ఉప్మా చేస్తున్న."

అక్క నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, లంచ్ బాక్సు మూత బిగించే వంకతో తల వంచుకున్నాను. ఆరేళ్ళ కిందటి పులి కోసం నలభై ఆరేళ్ళ మనిషి ఏడవడమేమిటి! పులి కోసం కాదేమో కూడా. నేను లేనిచోట ఉన్నట్టు వాళ్ళు చెబుతుంటే, దానికి నేనే సాక్ష్యం పలికినందుకు.

అక్క డైరీ తిరిగిచ్చింది. "చిరుతలు రాసినవ్, జీపులు రాసినవ్, మీ అత్త బాత్రూం గూడ రాసినవ్. గాడ ఎవరు వండుతరో అది రాయలేదేందే? మేం ఎనిమిదిమందిమి మొట్టమొదలు గదే అడిగినం. ఉడవలవె దగ్గర డేరాల క్యాంపు ఉంది, వాళ్ళే వండి పెడతరు. పప్పు, అన్నం, కొబ్బరి పచ్చడి, మనోళ్ళ తిండి లెక్కనే. మేం తినుడు, చూసుడు, పండుడు. గంతే."

ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా అత్తమ్మ దగ్గర కూర్చుని కొత్తిమీర ఏరుతూ అడిగాను. "అత్తమ్మా, మీరు బయట ఎందుకు తినరు?"

"నేను తిననని ఎవరన్నరే?"

"మీ కొడుకే."

"యాదగిరిగుట్టల ఒకపారి కడుపునొప్పి లేసింది. అప్పుడు వాడు ఇంటర్ల ఉన్నడు. గప్పటి సంది అమ్మ బయట తినది, అమ్మ బయట తినది అని వాడే చాటింపేసిండు. మా అన్నోళ్ళతోని కాశీకి పోతె పదకొండు దినాలు హోటల్లనే తిన్న. పూరీలు గూడ తిన్న."

నా చేతిలో కొత్తిమీర కట్ట అలాగే ఉండిపోయింది. "మరి నాకు చెప్పలేదేంది?"

అత్తమ్మ కొత్తిమీర వేర్లు తుంచి పక్కన పెట్టింది. "మా అత్తకు నేను కిరసనాయిలు స్టవ్వు మోసిన బిడ్డా. సాగర్ డ్యాం చూడబోయి వంకాయ కూర చూసొచ్చిన. ఇగ నా వంతు వచ్చినంక, వేడివేడి బువ్వ ముందటికొస్తుంటె వద్దనబుద్ధి కాలే. ఊకున్న. తప్పే అది."

కోపం వచ్చింది. బాగానే వచ్చింది, కొత్తిమీర గిన్నె అక్కడే వదిలేసి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళు! ఎన్ని ఊళ్ళు, ఎన్ని బాత్రూం అద్దాలు! కింద సందులో ఎవరో స్కూటర్ తుడుచుకుంటున్నారు. నిలబడగా నిలబడగా వంకాయ కూర గుర్తొచ్చింది, నవ్వొచ్చింది. అంత పెద్ద డ్యాం పక్కన స్టవ్వు పంపు కొడుతూ కూర్చున్న పాతికేళ్ళ అత్తమ్మ కనబడింది. లోపలికి వచ్చేసరికి ఆమె నా వంతు కొత్తిమీర కూడా ఏరేసింది. "గా పార్కుల ఏనుగులు దగ్గరికొస్తయా?" అని అడిగింది.

సోమవారం ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి పోలేదు. అబిడ్స్ దాటి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, మామిడిపండు ఐస్‌క్రీం తీసుకుని రాతి కమానుల ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇంటికి ఒక ప్యాకెట్ కట్టించుకోకుండా అక్కడ ఐస్‌క్రీం తినడం నాకదే మొదలు. తింటూనే ఉడవలవె క్యాంపులో రెండు డేరాలు, ఒక జీపు మాకు విడిగా బుక్ చేశాను. ఎంతమందని అడిగినచోట నాలుగు అని నొక్కాను. వేలు కాసేపు ఆ అంకె మీదే ఉండిపోయింది. తాడోబా పర్మిట్ మీద కూడా నాలుగు పేర్లే ఉన్నాయి.

ఇంట్లో చెప్పాను. "చిరుత?" అన్నారు ఆయన.

"అదృష్టముంటె కనబడ్తది."

"గాడ కిచెన్ ఉందా?"

"లేదు."

"మరి అమ్మ?"

"అమ్మకేమైందిరా?" అంది అత్తమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఆమె వంక, నా వంక చూశారు. "సరే తియ్, కుక్కర్ ఎట్లనన్న ఉంటది గదా" అన్నారు. ఆ వారమే అత్తమ్మను అబిడ్స్ తీసుకుపోయి కాన్వాస్ బూట్లు కొన్నాను. ఆమె వాటిని రోజూ హాల్లో ఇటూ అటూ నడిచి అలవాటు చేసుకుంది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం క్యాబ్ కిందికి వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం రెండు చేతులా బలం పెట్టి నీలం సూట్‌కేసు ఎత్తారు. అది ఒక్కసారిగా పైకి లేచేసరికి ఆయనే వెనక్కి తూలారు.

"ఏందిది గింత అల్కగుంది? ఏమో మర్చినవ్."

"కుక్కర్ పెట్టలే."

"అరే, ఎందుకు?"

ఎన్నో జవాబులు అనుకుని పెట్టుకున్నాను. నోట్లోంచి వచ్చింది వేరే. "తాడోబాల పులిని నేను చూడలేదు."

ఆయన నవ్వారు. "గదేం మాట! మనమంత చూసినం గదా. ఆగి ఎన్కకు తిరిగి చూసిందని అందరికి చెప్పేదే నువ్వు."

"నేను లాడ్జిల ఉప్మా చేస్తున్న."

ఆయన నవ్వు తగ్గింది. "పర్మిట్ మీద నీ పేరుండె" అన్నారు మెల్లిగా.

"ఉండె."

ప్రణవి షూ లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే, "మమ్మీ లేదు డాడీ. మమ్మీ సీట్ల మనం బ్యాగులు పెట్టినం" అంది.

ఆయన అలాగే నిలబడిపోయారు. ఆ జీపులో ఒక్కొక్క సీటే గుర్తు చేసుకుంటున్నారని ఆయన ముఖం చూస్తే తెలిసింది. అబద్ధమాడిన మనిషి ముఖం కాదది. నేను ఉన్నాననే ఇన్నేళ్ళూ నమ్మారు. దానికి కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో తేలక నేనూ ఊరికే నిలబడ్డాను. ఆయన సూట్‌కేసు ఇంకో చేతికి మార్చుకుని, నా భుజాన ఉన్న బ్యాగు కూడా అందుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు.

"జల్ది నడువుండ్రి. విమానం మన కోసం ఆగదు" అంది అత్తమ్మ కాన్వాస్ బూట్లతో గుమ్మం దాటుతూ.

గ్యాస్ కట్టేశాను, తలుపు తాళం వేశాను. చేతిలో డైరీ ఒక్కటే ఉంది. ఉడవలవెలో ఏనుగులు కనిపిస్తాయో లేదో తెలియదు. కనిపించకపోతే, కనిపించలేదని తిరిగొచ్చి నేనే చెబుతాను.