హాప్కిన్ రాసర్ వంతు

గెథిన్ బోవెన్‌ని గనిలోంచి పైకి తెచ్చిన రోజు మా వెనక ఎవరూ లేరు. మోస్తున్నది నలుగురం. అందులో నేనొకణ్ణి. శవానికి గోనెపట్టా చుట్టి తలుపుచెక్క మీద పడుకోబెట్టాం. గేటు దాటామో లేదో, మా వెనక ఆ గేటు మూసేశారు.

మా హెలిగ్ లోయలో అలా ఎన్నడూ జరగలేదు. గనిలో ఒక మనిషి చచ్చాడంటే అందరి చేతుల్లో పారలూ ఆగిపోతాయి. అందరూ పైకి వస్తారు. మొహాలైనా కడుక్కోకుండా, ఆ మసితోనే, చచ్చినవాడి వెనక వాడి ఇంటిదాకా నడుస్తారు. ఆ పూట గని ఆగుతుంది. సమాధి చేసే రోజునా ఆగుతుంది. ఇది ఏ దొరా దయతలచి ఇచ్చిన హక్కు కాదు. మా తాతలు అడక్కుండా తీసుకున్నది.

ఆ రోజు కూడా కప్పు కూలిన చప్పుడు వినగానే అందరూ పారలు పడేసి గని అడుగున, మనుషుల్ని పైకి లాగే ఇనుప బోను దగ్గరికి చేరారు. మమ్మల్ని నలుగురినీ శవంతోపాటు పైకి లాగారు. ఆ తర్వాత బోను కిందికి దిగలేదు. మేనేజర్ ట్రెంచర్డ్ గని అంచున నిలబడి, "మోయడానికి నలుగురు చాలు. ఒప్పందంలో అలాగే ఉంది. మిగతావాళ్లకి షిఫ్టు అయ్యాకే బోను," అన్నాడు. కింద అంతమంది మగాళ్లు చీకట్లో తలలెత్తి చూస్తూ నిలబడిపోయారు. నిట్టనిలువు బావిలోంచి ఎగిరి రాలేరు కదా.

వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. వందల బూట్ల చప్పుడు వినడానికి అలవాటుపడ్డ చెవులు వాళ్లవి. మా నాలుగు జతల బూట్ల చప్పుడు విని ఎవరిదో సామాను మోసుకొస్తున్నామనుకున్నారు. గెథిన్ పెళ్లాం లూనెడ్ పిండి చేతులతోనే బయటికొచ్చింది. ముందు మమ్మల్ని చూసింది, తర్వాత మా వెనక చూసింది. ఆ తర్వాతే చెక్క మీదికి చూసింది.

"మిగతావాళ్లేరి, ఎమ్లిన్?"

"కింద ఆపేశారు వదినా."

"ఎవరాపారు?"

ఆపింది ట్రెంచర్డ్. కానీ ఆపడానికి వాడి చేతికి కాగితం ఇచ్చింది మా హాప్కిన్ రాసర్.

హాప్కిన్ మా మనిషి. ఈ మాట ఇప్పటికీ చెప్పగలను, కాకపోతే పళ్లు కొరుక్కుంటూ చెబుతాను. వాళ్ల నాన్న గనిలోనే పోయాడు. ఆ రోజు గని గనంతా ఆయన వెనక నడిచింది. హాప్కిన్ కూడా మాతో పాటే పక్కకి వాలి పడుకుని బొగ్గు కొట్టాడు. కార్మికుల గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ నమిలేశాడు. ప్రార్థనాలయంలో ప్రసంగాలు చేశాడు, సంఘం నడిపాడు, సమ్మెలో జైలుకెళ్లాడు. చివరికి మేమే ఆయన్ని పార్లమెంటుకి పంపాం. పంపిన రోజు మా ఆడవాళ్లు కుట్టిన నల్లకోటు వేసుకుని, ఇత్తడి బ్యాండు ముందు నడుస్తుంటే రైలెక్కాడు. గని విధవల పరిహారం గురించి ఆయన సభలో మాట్లాడిన మాటలు మంగలి షాపులో పేపర్లోంచి పైకి చదివించుకుని, మేమే మాట్లాడినట్టు మురిసిపోయాం. మనిషిని నెత్తిన పెట్టుకున్నాక ఆయన ఏం చేస్తున్నాడో పైకి చూడ్డం మానేశాం. ఆ తప్పులో మాకూ భాగముంది.

లండన్‌లో యజమానులు ఆయన్ని టీకి పిలిచారు. "మీవాళ్లు చావు చావుకీ గని ఆపుతున్నారు. అది మాన్పించండి. కప్పుకి ఆనించే కర్రలు అడిగినన్ని ఇస్తాం. చావులే తగ్గుతాయి," అన్నారు. హాప్కిన్ ఒప్పుకుని సంతకం పెట్టేశాడు. మాలో ఒప్పందమంటే గని గేటు దగ్గర అందరి ముందూ చదవాలి, చేతులెత్తించాలి. అదేమీ లేకుండానే పెట్టేశాడు. మా మనసు తనకి తెలుసనుకున్నాడు. కర్రలు కొన్నాళ్లు వచ్చాయి. తర్వాత పొట్టివి వచ్చాయి, తర్వాత పచ్చివి. చివరికి అవీ ఆగాయి. చచ్చిపోయిన రోజు పొద్దున గెథిన్ కర్రలడిగాడు. నేను పక్కనే ఉన్నాను. "రేపు" అన్నాడు మేస్త్రీ.

కబురందుకుని హాప్కిన్ మర్నాడు సాయంత్రం రైలు దిగాడు. స్టేషన్లో నేనొక్కణ్ణే ఉన్నాను. గౌరవానికి కాదు, తీసుకురమ్మని సంఘం పంపింది. ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఎవరూ రాలేదేం ఎమ్లిన్?"

"రావడానికి బోను దిగలేదన్నా."

ఆ మాట అనాలనే అన్నాను. అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు.

ముందు లూనెడ్ ఇంటికి వెళ్లాం. ముందుగదిలో తెరలు దించి ఉన్నాయి, గెథిన్ పెట్టెలో ఉన్నాడు. హాప్కిన్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"లూనెడ్, నన్ను క్షమించమ్మా. కర్రలొస్తే మనుషులు బతుకుతారనుకున్నాను."

"మా ఆయన బతకలేదు."

"మోసపోయాను."

"నువ్వు మోసపోతే చచ్చింది ఆయన." ఆమె గొంతు పెంచలేదు. "నాకు నీ ఏడుపొద్దు హాప్కిన్ అన్నా. రేపు ఈయన్ని కొండ మీద మట్టిలో పెడుతున్నాం. మగాళ్లని రేపు కూడా గనిలోకి దింపుతానంటున్నాడట ఆ దొర. నువ్వే రాసిచ్చావుగా. మరి ఈయన వెనక ఎవరు నడుస్తారో నువ్వే చెప్పు."

అలా అంటూనే లూనెడ్ టీ పోసిచ్చింది. వచ్చినవాడికి టీ ఇవ్వకుండా పంపే అలవాటు ఆమెకి లేదు.

అక్కణ్ణించి కార్మికుల హాలుకి వెళ్లాం. లోపల కూర్చోడానికి చోటు లేక కిటికీల్లో కూడా ఎక్కి ఉన్నారు. అధ్యక్షస్థానంలో ముసలి మొర్డెకై ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము ఉన్నవాడు, ఒక్కో మాటకీ ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. హాప్కిన్ వేదికెక్కగానే ఎప్పుడూ లేచి నిలబడే మనుషులు ఆ రోజు కదల్లేదు.

"అన్నా, ఒక సంగతి చెప్పు," అని వెనకనించి ఇడ్రిస్ లేచాడు. గెథిన్ శవం పైకెళ్తుంటే కింద నిలబడిపోయిన వాళ్లలో వాడూ ఒకడు. "ఆ లండన్ టీలో పంచదార ఎన్ని చెంచాలేశారు?"

హాలంతా నవ్వింది. మంచి నవ్వు కాదది.

హాప్కిన్ చెప్పుకున్నాడు. చచ్చినవాడి వెనక నడవడం కన్నా మనిషి చావకుండా చూడటం మేలనుకున్నానని, యజమానుల మాట నమ్మానని. "సభలో ప్రశ్న వేస్తాను. కర్రలు ఎందుకు రాలేదో మంత్రి చేత చెప్పిస్తాను," అన్నాడు.

"నీ ప్రశ్నకి మంత్రి జవాబు చెప్పేలోగా ఇంకెంతమందిని మోయాలి?" అన్నాడు ఇడ్రిస్.

"నడిచేది చచ్చినవాడి కోసమే అనుకున్నావా బాబూ?" మొర్డెకై అడిగాడు. "వాడికేం తెలుస్తుంది? అందరం ఒక్కసారిగా పార కింద పెట్టగలమని దొరకి చూపించే రోజది. ఆ రోజుంది గనకే మిగతా రోజులు కాస్తో కూస్తో భయపడేవాడు. ఆ భయాన్ని నువ్వు కర్రలకి మార్చుకున్నావు. భయం పోయాక కర్రలెందుకిస్తాడు?"

హాప్కిన్ తల దించుకున్నాడు. "రాజీనామా చేస్తాను," అన్నాడు.

"అది నీకు సుఖం," అన్నాడు మొర్డెకై. "చేతులు దులుపుకుని పోవచ్చు. మాకేం ఒరుగుతుంది? సంతకం నీదే కాబట్టి అది చెల్లదని చెప్పాల్సింది కూడా నువ్వే. రేపు పొద్దున గేటు దగ్గర, అందరి ముందూ, ట్రెంచర్డ్ మొహం మీద చెప్పు."

గని ఆపమని ఎవరు పురిగొల్పినా పట్టుకోవడానికి బయటి ఊళ్లనించి పోలీసులని దింపి ఉంచారు. అది హాప్కిన్‌కీ తెలుసు, మాకూ తెలుసు. అంతమందీ ఆయన మొహంలోకే చూస్తున్నారు. భయపడ్డాడు, అబద్ధం చెప్పను. భయపడుతూనే సరేనన్నాడు.

పొద్దున వాన పడుతోంది. గనిలోకి దిగడానికిచ్చే దీపాలు తీసుకోకుండా అందరం గేటు ముందు నిలబడ్డాం. హాప్కిన్ ఒక బొగ్గు బండి మీదికెక్కాడు. ఆ నల్లకోటే వేసుకున్నాడు, ఇప్పుడది భుజాల దగ్గర తడిసి వేలాడుతోంది.

"తమ్ముళ్లూ, ఆ ఒప్పందం మీ ముందు చదవలేదు. మీ చేతులెత్తించలేదు. మిమ్మల్నడక్కుండా పెట్టిన సంతకం మీది కాదు, నాది. తప్పు చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఇవాళ గనిలోకి దిగుతారా, గెథిన్ వెనక నడుస్తారా?"

ఇంక లెక్కపెట్టే పని లేదు. నడుస్తామని లేచిన చేతులే కనిపించాయి, మనుషులు కనిపించలేదు.

ట్రెంచర్డ్ గొడుగు కింద నిలబడి, "రాసర్ గారూ, మీరు పెద్దమనుషులనుకున్నాను," అన్నాడు.

"నేనూ మిమ్మల్ని అలాగే అనుకున్నాను. అక్కడే చెడింది," అన్నాడు హాప్కిన్.

పోలీసులు ఆయన్ని బండి మీంచి కిందికి లాగారు. కోటు చంక దగ్గర చిరిగింది. జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. ఇడ్రిస్ చేతిలో అప్పటికే రాయి ఉంది. లాఠీలు లేచాయి.

"నా దగ్గరికి రావద్దు," అని హాప్కిన్ అరిచాడు. "గెథిన్ దగ్గరికి పొండి. ఇవాళ నా కోసం కొట్లాడితే ఆ మనిషి మళ్లీ ఒంటరివాడవుతాడు."

అది చేయడం మాకు చాలా కష్టమైంది. కళ్ల ముందు మా మనిషిని ఈడ్చుకుపోతుంటే వీపు తిప్పాలి. మొదట మొర్డెకై తిరిగాడు. తర్వాత నేను. ఇడ్రిస్ రాయిని నేలకేసి కొట్టి, నోటికొచ్చిన బూతులు తిడుతూ తిరిగాడు. మా వెనక పోలీసు బండి తలుపు పడిన చప్పుడు వినిపించింది.

లూనెడ్ వీధికి వెళ్లేసరికి చోటు చాలలేదు. మాలో సమాధి దాకా మగవాళ్లే వెళ్తారు, ఆడవాళ్లు ఇంటి దగ్గర ఆగిపోతారు. ఆ రోజు పెట్టె బయటికి రాగానే లూనెడ్ శాలువా కప్పుకుని దాని వెనకే మెట్లు దిగింది. ప్రార్థనాలయం పెద్ద ఒకాయన, "అమ్మా, ఇది పద్ధతి కాదు," అన్నాడు.

"అంతమందిని గనిలో బంధించడం పద్ధతా? నడు," అంది. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లంతా దిగారు.

పెట్టెని ఆరుగురు మోస్తారు. కొంత దూరానికి ఇంకో ఆరుగురు అందుకుంటారు. కొండ మీదికి చేరేలోగా చచ్చినవాడితో పని చేసిన ప్రతివాడి భుజం ఆ పెట్టెకి తగలాలి. తగలనివాడు సమాధి దగ్గర నిలబడడు. అలా మారుతూ, పాడుతూ, వానలో పోలీస్ స్టేషన్ ముందుకి వచ్చాం. అక్కడ లూనెడ్, "ఆపండి," అంది.

పక్కింట్లోంచి రెండు కుర్చీలు తెచ్చి పెట్టెని వాటి మీద దించాం. ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే.

"ఏమిటమ్మా ఇది?"

"మోయాల్సినవాడొకడు లోపలున్నాడు. పంపండి."

"అతను ఖైదీ అమ్మా. పార్లమెంటు సభ్యుడైనా సరే వదిలే అధికారం నాకు లేదు."

"సభ్యుడెవరిక్కావాలి? నాకు ఒక భుజం కావాలి."

ఇడ్రిస్ ఉండబట్టలేక ఆమె దగ్గరికొచ్చాడు. "వదినా, ఆయన్ని క్షమించేశావా?"

"క్షమిస్తే ఆయన్ని లోపల ఆ వాన తగలని గదిలోనే ఉండనిచ్చేదాన్ని. మోయాలి ఆయన. ఎంత బరువో తెలియాలి."

ఊచల వెనక హాప్కిన్ మొహం కనిపించింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది. "లూనెడ్, మీరు వెళ్లండమ్మా. ఆ పెట్టెని ముట్టుకునే యోగ్యత నాకు లేదు," అన్నాడు.

"యోగ్యత ఎవరడిగారు?" అంది లూనెడ్. "నీ వంతొచ్చింది."

ఆయన ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

లూనెడ్ ఐదుగురిని పిలిచి పెట్టె పక్కన ఎవరి చోట్లో వాళ్లని నిలబెట్టింది. ముందువైపు ఎడమచేతి చోటు ఖాళీగా వదిలింది. మిగతావాళ్లం తడిరోడ్డు మీద కూర్చున్నాం, ఆడా మగా అంతా. కూర్చున్నవాళ్లలోంచి ఎవరో మళ్లీ పాట ఎత్తుకున్నారు.

"ఎంతసేపని కూర్చుంటారు?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"మాకేం తొందర లేదయ్యా," అన్నాడు మొర్డెకై ఆయాసపడుతూ. "ఇవాళ సెలవు మేమే ఇచ్చుకున్నాం."

ఇన్‌స్పెక్టర్ ఫోను చేయడానికి లోపలికి వెళ్లాడు. అప్పటికి కబురు లోయంతా పాకింది. ఏటి అవతల ఉన్న గనిలో ఎవరూ చావలేదు, అయినా ఆ గని బోనుని లాగే చక్రం ఆగింది. కొండదారిలో అక్కడివాళ్లు నల్ల మొహాలతో దిగి రావడం కనిపించింది. స్టేషన్ గేటు దగ్గరున్న కానిస్టేబుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందుగా వచ్చినవాడు గెథిన్‌ని ఎరగడు. టోపీ తీసి పెట్టె ముందు తల వంచి, ఎడమవైపు ఖాళీ చూసి, సాయం చేద్దామని అందులోకి వెళ్లి భుజం వంచాడు. లూనెడ్ లేచి వాడి చెయ్యి పట్టుకుని పక్కకి తప్పించింది.

"అక్కడ కాదు నాయనా," అంది. "అక్కడ మనిషున్నాడు."